అయిదో పుట్టినరోజు, చిన్న ఇల్లు, పాతికమంది పిల్లలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: వచ్చే నెల మీ పాపకు అయిదేళ్లు నిండుతాయి, వేడుక ఇంట్లోనే జరపాలనుకుంటున్నారు. ఇల్లు చిన్నది. హాలు, పడకగది, వంటగది, అంతే. తరగతిలో 25 మంది ఉన్నారు, అందరినీ పిలవాలా వద్దా అన్నది మొదటి సందేహం. ఎంతసేపు జరపాలి, ఏ ఆటలు పెట్టాలి, పనులు ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మిగతావి. పోయిన ఏడాది పాప కేకు కోయకముందే ఏడుపు లంకించుకుని గదిలోకి వెళ్లి పడుకుందని, ఈసారి అలా జరగకూడదని చివర్లో రాశారు. మీ అసలు ప్రశ్న అదేనని నాకు అనిపించింది.

ముందు సూటిగా జవాబు. ఎనిమిది మంది పిల్లలు, రెండు గంటలు, మధ్యాహ్న భోజనానికి ముందు వేళ, మీతో కలిపి నలుగురు పెద్దలు. అలంకరణ సంగతి చివరి వారంలో చూసుకోవచ్చు. ఈరోజు చేయవలసిన పని ఒక తెల్లకాగితం తీసుకుని ఆ 120 నిమిషాలనూ వరసగా రాయడం. ఏ నిమిషానికి పిల్లలు ఎక్కడ ఉంటారు, వాళ్ల చేతుల్లో ఏముంటుంది, వాళ్ల దగ్గర ఎవరు ఉంటారు. ఈ మూడింటికీ జవాబు లేని నిమిషాలు ఎక్కడ తేలితే, వేడుక అక్కడ చెడుతుంది.

నేను తొమ్మిదేళ్లు చిన్నపిల్లల బడిలో పనిచేశాను. ఆ తర్వాత పదకొండేళ్లుగా ఇళ్లలో పిల్లల వేడుకలు నడిపించడమే నా వృత్తి. ఇద్దరు పిల్లల్ని పెంచాను కాబట్టి చేయదగిన తప్పులన్నీ సొంత ఇంట్లోనే చేశాను. ఇన్నేళ్లలో బెలూన్లు తక్కువైనందుకు చెడిపోయిన వేడుకను ఒక్కటీ చూడలేదు. పిల్లలు ఊరికే నిలబడి ఎదురుచూడవలసి వచ్చినందుకు చెడిపోయినవి చాలా చూశాను. కేకు పెట్టెకు చుట్టిన దారం విప్పుతున్న అయిదు నిమిషాలు, అగ్గిపెట్టె వెతుకుతున్న మూడు నిమిషాలు, ఎవరో చుట్టం దారిలో ఉన్నారని ఆగిన అరగంట. పెద్దలకు ఇవి లెక్కలోకి రాని వ్యవధులు. అయిదేళ్లవాళ్లు ఎనిమిది మంది ఒకచోట ఉన్నప్పుడు మూడు నిమిషాల ఖాళీ చాలు, ఇల్లు పీకి పందిరి వేయడానికి.

ఎంతమంది? వయసుకు ఒకటి కలిపి అంతమందిని పిలవాలని ఒక లెక్క ప్రచారంలో ఉంది. అంటే మీ పాపకు ఆరుగురు. మరీ కచ్చితంగా పాటించనవసరం లేదు కానీ, ఆ లెక్క వెనక ఉన్న ఆలోచన మంచిదే. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు రెండు నుంచి అయిదేళ్ల పిల్లలు ఆడుకునే తీరును గమనించి రాసిన విషయం ఇప్పటికీ బడుల్లో చెప్పుకుంటాం. మరీ చిన్నవాళ్లు ఒంటరిగా ఆడుకుంటారు, లేదా పక్కపక్కనే కూర్చున్నా ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు. పెరిగేకొద్దీ కలిసి ఆడటం, పని పంచుకుని ఆడటం వస్తాయి. అయిదేళ్ల వయసు ఆ కలిసి ఆడటం ఇంకా కొత్తగా ఉన్న దశ. ముగ్గురు నలుగురితో బాగా సాగే ఆట పదిమంది కాగానే తెగిపోతుంది. ఎనిమిది మంది ఉంటే నలుగురేసి రెండు జట్లవుతారు, ఒక్కో జట్టు దగ్గర ఒక పెద్దమనిషి కూర్చుంటే సరిపోతుంది. నేను ఎనిమిది అనడానికి కారణం అంతే.

మీ ఇంటంత ఇంట్లో 22 మందితో జరిగిన వేడుక ఒకటి నాకు బాగా గుర్తుంది. నన్ను పిలిచింది ఆటలు ఆడించడానికి. నా గొంతు నాకే వినబడలేదు. ఒక పిల్లవాడు భోజనాల బల్ల కింద దూరి, రెండు చెవులూ మూసుకుని, దాదాపు గంటసేపు అక్కడే కూర్చున్నాడు. పెద్దలు ఫొటోలు తీసి నవ్వుకున్నారు. మర్నాటి నుంచి ఆ పిల్లవాడు ఏ పుట్టినరోజుకూ వెళ్లనని మొండికేశాడని వాళ్లమ్మ తర్వాత చెప్పింది. చిన్న గదిలో చప్పుడు గోడలకు తగిలి తిరిగి వస్తుంది, ఒకరి మీద ఒకరు గొంతు పెంచుకుంటూ పోతారు. పిల్లలు అల్లరివాళ్లు కావడంతో దానికి సంబంధం లేదు.

మరి తరగతిలో మిగతావాళ్ల మాట? మొహమాటం ఇక్కడే మొదలవుతుంది. నా పద్ధతి ఇది: తరగతిలో మూడోవంతు కంటే తక్కువమందిని పిలవండి, లేదా అందరినీ పిలవండి. ఇద్దరినో ముగ్గురినో వదిలేసి మిగతావాళ్లను పిలవడం మాత్రం వద్దు. పిలుపు రానివాళ్లు తక్కువగా ఉన్నప్పుడే అది వాళ్లకు తెలుస్తుంది, బాధపెడుతుంది. పిలుపులు తరగతిలో పంచకుండా తల్లిదండ్రులకు ఫోనులో విడివిడిగా చెప్పండి. ఎవరిని పిలవాలో పాపనే అడగండి, అయితే 'ఎవరెవరు కావాలి' అని కాకుండా 'బడిలో నువ్వు ఎవరితో ఆడుకుంటావు' అని అడగండి. మొదటి ప్రశ్నకు తరగతి పట్టీ మొత్తం అప్పజెబుతుంది. రెండోదానికి నాలుగైదు పేర్లే వస్తాయి. ఆ నాలుగైదుగురే మీకు కావలసినవాళ్లు. మిగతా ముగ్గురు నలుగురు బంధువుల పిల్లలో ఇరుగుపొరుగు పిల్లలో ఎలాగూ ఉంటారు.

పిలిచేటప్పుడే మూడు సంగతులు తేల్చుకోండి. తల్లిదండ్రులు దింపి వెళతారా, ఉంటారా. వెంట తమ్ముళ్లు, చెల్లెళ్లు వస్తారా. పిల్లకు పడని తిండి ఏదైనా ఉందా. మొదటి రెండూ అడగనందువల్ల ఎనిమిది మంది కాస్తా పాతికమంది అయిన ఇళ్లు నాకు తెలుసు. అయిదేళ్ల వయసులో కొందరు పిల్లలు తల్లి లేనిదే ఉండరు, వాళ్ల తల్లులను ఉండమనడమే మర్యాద. అలా ఉండేవాళ్లకు కుర్చీలు వంటగదిలోనో వరండాలోనో వేయండి, హాల్లో వేయవద్దు. పెద్దలు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోట పిల్లలకు స్థలం మిగలదు.

ఎప్పుడు, ఎంతసేపు? రెండు గంటలు చాలు. మూడేళ్లలోపు వాళ్లకయితే గంటన్నరే ఎక్కువ. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు మూడు గంటలు ఇవ్వవచ్చు. ముగిసే సమయం పిలుపులోనే చెప్పండి, 'పది నుంచి పన్నెండు' అని. ముగింపు చెప్పడం మర్యాద కాదని చాలామంది అనుకుంటారు. తీసుకువెళ్లడానికి వచ్చే తల్లిదండ్రులకు అదే కావాలి, నన్ను నమ్మండి.

సాయంత్రం వద్దనడానికి కారణం నా సొంత అనుభవం. మా అబ్బాయి నాలుగో పుట్టినరోజు సాయంత్రం ఆరింటికి పెట్టాను. దూరం నుంచి రావలసిన బంధువులు ఆలస్యమయ్యారు. వాళ్లు రాకుండా కేకు కోస్తే బాగుండదని ఇంట్లో పెద్దలు అన్నారు, నేనూ తల ఊపాను. ఏడున్నరకు మా వాడు సోఫాలో నిద్రపోయాడు. లేపి, మొహం కడిగి, చేతికి కత్తి ఇస్తే దాన్ని విసిరేసి భోరుమన్నాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి, అందులో నవ్వుతున్నది బంధువులు మాత్రమే. మీ పాప విషయంలో కూడా పోయిన ఏడాది ఇలాంటిదే జరిగి ఉంటుందని నా అనుమానం. పొద్దుటి నుంచి కొత్త బట్టలు, ఫోన్లు, హడావుడి. మధ్యాహ్నం నిద్ర తప్పి ఉంటుంది. తిండి సరిగా తిని ఉండదు. సాయంత్రానికి ఓపిక అయిపోయింది. పిల్లలు నిద్ర, ఆకలి తీరి ఉన్న వేళ చూసి వేడుక పెట్టాలి. చాలామంది అయిదేళ్ల పిల్లలకు అది ఉదయం పది ప్రాంతం. మీ పాప మధ్యాహ్నం పడుకుని లేచాక హుషారుగా ఉండే రకమైతే నాలుగు గంటలకు పెట్టండి. గడియారం మీ పాపది, బంధువులది కాదు.

ఇప్పుడు ఆ 120 నిమిషాలు. మొదటి ఇరవై నిమిషాలే అన్నిటికన్నా కష్టమైనవి. చాలామంది వాటిని పట్టించుకోరు, 'అందరూ వచ్చాక మొదలుపెడదాం' అనుకుంటారు. ముందొచ్చిన పిల్ల గుమ్మంలో తల్లి కొంగు పట్టుకుని నిలబడుతుంది. రెండోవాడు నేరుగా మీ పాప బొమ్మల మీద పడతాడు. మీ పాప ఏడుస్తుంది. అందరూ వచ్చేసరికే వాతావరణం చెడి ఉంటుంది. అందుకని వచ్చిన ప్రతి పిల్లకూ వచ్చిన నిమిషంలోనే ఒక పని చేతికివ్వండి. నేను ఎక్కువగా వాడేది కాగితం కిరీటం. ముందే పట్టీలుగా కత్తిరించి ఉంచుతాను, పిల్లలు వాటికి రంగులు వేసి, అంటించే బొమ్మలు అతికిస్తారు, ఒక పెద్దవాళ్లు తల కొలత చూసి చుట్టి ఇస్తారు. దీనికి మొదలూ చివరా లేవు కాబట్టి ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా ఇట్టే కలిసిపోతారు. పోటీ లేదు, మాట్లాడవలసిన పని లేదు, సిగ్గరి పిల్లలు తల వంచుకుని రంగులు వేసుకుంటూ పక్కవాళ్లను ఓరకంట చూసి అలవాటు పడతారు. నేలమీద పాత దుప్పటి పరచి దానిమీదే కూర్చోబెట్టండి. బల్ల, కుర్చీలు అక్కర్లేదు.

తర్వాత నలభై, యాభై నిమిషాలు ఆటలు. ఒక గంతుల ఆట, వెంటనే ఒక కూర్చునే ఆట, మళ్లీ గంతుల ఆట. ఒక్కో ఆట పది నిమిషాలకు మించనివ్వకండి. బాగా సాగుతున్న ఆటను కూడా ఇంకా ఆడదామని వాళ్లు అంటుండగానే ఆపేయండి. విసుగు మొదలయ్యాక ఆపితే తర్వాతి ఆటకు కూడా ఆ విసుగే వస్తుంది. ఆరు ఆటలు రాసుకోండి, నాలుగే ఆడతారు. మిగిలిన రెండూ జేబులో ఉండాలి.

ఆటల్లో నాకు ఒక మొండి అభిప్రాయం ఉంది: ఓడినవాళ్లు బయటికి వెళ్లే ఆటలు ఈ వయసుకు పనికిరావు. కుర్చీలాటనే తీసుకోండి. మొదట ఓడేది సాధారణంగా అందరికంటే చిన్నవాళ్లో, మెత్తనివాళ్లో. ఆ పిల్ల మిగతా పది నిమిషాలూ గోడకు ఆనుకుని చూస్తూ ఉండాలి. ఒకసారి అలా మొదట్లోనే బయటికి వచ్చిన అమ్మాయి కాసేపు బిక్కమొహం వేసుకుని నిలబడి, ఆ తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి గిల్లి రావడం మొదలుపెట్టింది. తప్పు ఆ పిల్లది కాదు, ఆ ఆట పెట్టిన నాది. ఇప్పుడు కుర్చీలాటను తిరగేసి ఆడిస్తాను. కుర్చీలు తగ్గుతాయి, పిల్లలు తగ్గరు. చివరికి ఎనిమిది మందీ రెండు కుర్చీల మీద ఎలా సర్దుకుంటారన్నదే ఆట. ఒకరి ఒడిలో ఒకరు కూర్చుని, జారిపడకుండా పట్టుకుని, పగలబడి నవ్వుతారు. కుర్చీలు బరువైనవి, వెడల్పైనవి అయి ఉండాలి. లేదంటే నేలమీద దిండ్లు వేయండి.

పాట ఆగగానే శిలలా నిలబడే ఆట, కాగితం పొరలు చుట్టిన పొట్లాన్ని చేతులు మార్చుకుంటూ పాట ఆగినప్పుడు ఒక పొర విప్పే ఆట బాగా సాగుతాయి. పొట్లం ఆటలో పాట ఆపేవాళ్లు కళ్లు తెరుచుకునే ఆపాలి. ఎనిమిది పొరలు, ఎనిమిది మంది, ప్రతివాళ్లకూ ఒక్కసారి. ఇందులో న్యాయం అదృష్టానికి వదిలేయకండి. దాచినవి వెతికే ఆట అయితే ఒక్కొక్కరికి ఒక్కో రంగు కేటాయించండి: ఎర్రరంగువి ఈ పిల్లవి, నీలంరంగువి ఆ పిల్లవాడివి. ఈ కిటుకు తెలియక ముందు, చురుకైనవాడు ఒకడు అన్నీ సంచిలో వేసుకోవడం, మిగతా ఏడుగురు ఏడవడం చాలాసార్లు చూశాను. చదవడం ఇంకా రాదు కాబట్టి ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తులు బొమ్మల్లో గీయండి. దాచేది హాల్లో మాత్రమే. వంటగదిలో, స్నానాల గదిలో ఒక్కటి కూడా దాచకండి, అక్కడ లేదని చెప్పినా వెతుకుతారు, ఆ తలుపులు మూసి ఉంచండి.

అల్లరి శ్రుతి మించితే మీరు గొంతు పెంచకండి. దీపాలు ఆర్పి, నేలమీద కూర్చుని, గుసగుసగా 'అందరూ నిద్రపోతున్న సింహాలు, ఎవరు కదులుతారో చూస్తాను' అనండి. అయిదేళ్లవాళ్ల మీద ఇది ఎప్పుడూ పనిచేస్తుంది, మూడు నిమిషాలపాటు. ఆ మూడు నిమిషాల్లో వంటగదిలో ఉన్నవాళ్లు కేకు తెచ్చి పెట్టేయాలి.

కేకు చివర్న కాకుండా 70వ నిమిషం దగ్గర పెట్టండి. చివర్న పెడితే అప్పటికి పిల్లలు అలసిపోతారు, కొందరు తల్లిదండ్రులు వచ్చి గుమ్మంలో నిలబడతారు, అంతా ఒక పరుగులా అవుతుంది. ముందే పెట్టె తెరిచి, కొవ్వొత్తులు గుచ్చి, అగ్గిపెట్టె, కత్తి, పళ్లేలు, చేతిరుమాళ్లు అన్నీ ఒకే పళ్లెంలో సిద్ధంగా ఉంచండి. పిల్లలందరూ కూర్చుని ఉండగా కేకు వాళ్ల దగ్గరికి రావాలి, పిల్లలు కేకు చుట్టూ మూగకూడదు. కొవ్వొత్తి దగ్గరికి వంగే జుట్టు, వదులుగా వేలాడే బట్టలు, కాగితం కిరీటాలు అన్నీ నిప్పంటుకునేవే. వెలిగించేముందు కిరీటాలు తీయించండి, మీ పాప జుట్టు వెనక్కి ముడివేయండి.

ఊదడం గురించి ఒక ముక్క. 2017లో అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొవ్వొత్తులు ఊదిన కేకు పైపూత మీద, ఊదనిదానితో పోలిస్తే సగటున 1400 శాతం ఎక్కువ బ్యాక్టీరియా ఉన్నట్టు చూశారు. భయపడవలసినంత సంగతి కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఊదితే ముప్పు చాలా తక్కువ. కానీ జలుబో దగ్గో ఉంటే, కొవ్వొత్తి గుచ్చడానికి చిన్న కేకు ఒకటి విడిగా పెట్టి, పంచేది వేరే ఉంచుకోవడం తేలిక. నేను ఇప్పుడు జలుబు లేకపోయినా అలాగే చేయిస్తున్నాను, ఎందుకంటే పంచే కేకును వంటగదిలో ముందే ముక్కలు కోసి ఉంచవచ్చు. ఆ కోసే పది నిమిషాలు పిల్లలు ఎదురుచూడనక్కర్లేదు.

కేకు తింటే చక్కెర తలకెక్కి పిల్లలు గంతులు వేస్తారని ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు. 1995లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అప్పటివరకు జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది, చక్కెర పిల్లల ప్రవర్తనను మార్చిన దాఖలా అందులో కనబడలేదు. అంతకు ముందు ఏడాది జరిగిన ఒక ప్రయోగం ఇంకా ముచ్చటైనది. పిల్లలకు చక్కెర ఇవ్వకుండానే, ఇచ్చామని తల్లులకు చెప్పారు. ఆ తల్లులు తమ పిల్లలు మరీ చలాకీగా ఉన్నారని రాశారు. గంతులకు కారణం కేకు కాదు, ఇంటినిండా తోటివాళ్లు ఉండటం. అలాగని ఎంతైనా పెట్టమని కాదు, పళ్లకూ పొట్టకూ తీపి ఎక్కువ మంచిది కాదు. కేకు తర్వాత కూర్చునే ఆటే పెడదామన్న పట్టు మాత్రం అక్కర్లేదు.

తిండి విషయంలో హంగులకు పోకండి. ఆడే ధ్యాసలో పిల్లలు తినేది చాలా తక్కువ, చేత్తో పట్టుకుని తినగలిగినవి నాలుగు రకాలు చాలు. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, గ్లాసుల మీద పేర్లు రాయండి. గొంతులో అడ్డుపడేవాటి గురించి మాత్రం పట్టుగా ఉండండి. అయిదేళ్లలోపు వాళ్లకు గుండ్రటి ద్రాక్ష పండ్లను నిలువునా నాలుగు ముక్కలుగా కోసి పెట్టాలి. పేలాలు, గింజలు, గట్టి చాక్లెట్లు వద్దు. మీ పాప స్నేహితులకు అయిదు నిండి ఉండవచ్చు, కానీ వెంట వచ్చే తమ్ముళ్లకు నిండవు. తినేటప్పుడు అందరూ కూర్చునే తినాలి. నోట్లో ముద్దతో పరిగెత్తే పిల్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. వండినవి బయట రెండు గంటలకు మించి ఉంచవద్దు, వేడి 32 డిగ్రీలు దాటిన రోజున గంటే.

పడని తిండి గురించి ముందే అడగమన్నాను. అడిగినంత మాత్రాన సరిపోదు. ఒక ఇంట్లో పాలు పడని పిల్లవాడికోసం ప్రత్యేకంగా పాలు లేని కేకు తెప్పించారు. ఎంతో శ్రద్ధ తీసుకున్నారు. తీరా వడ్డించేటప్పుడు ఎవరో అదే కత్తితో రెండూ కోయబోయారు. పక్కనే ఉన్నాను కాబట్టి చేయి పట్టుకుని ఆపాను. అలాంటి పిల్లల పళ్లెం ముందే సర్ది, పేరు రాసి, విడిగా మూతపెట్టి ఉంచండి, వాళ్లకే మొదట వడ్డించండి. మందు ఏదైనా ఉంటే ఎక్కడ ఉంది, ఎలా వాడాలి అని ఆ తల్లిదండ్రుల దగ్గర తెలుసుకుని మరొకరికి కూడా చెప్పి ఉంచండి.

ఇక ప్రమాదాలు. అలంకరణ చివర్న చూసుకోవచ్చన్నాను కదా, దానిలో నేను కలగజేసుకునేది ఇక్కడే. రబ్బరు బెలూను ముద్దుగా కనిపిస్తుంది గానీ, పగిలిన ముక్క నోట్లోకి పోతే గొంతు ఆకారానికి అతుక్కుని ఊపిరిని మూసేస్తుంది, తీయడం చాలా కష్టం. అమెరికాలో అమ్మే బెలూన్ల ప్యాకెట్ల మీద ఎనిమిదేళ్లలోపు పిల్లల గురించి ఈ హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి. అందుకని బెలూన్లు కడితే చేతికి అందని ఎత్తులో కట్టండి, పిల్లల చేత ఊదించకండి, ఒకటి పగిలితే ఆట ఆపి ముక్కలన్నీ ఏరేయండి. పైగా ఆ పేలే చప్పుడుకు హడలిపోయే పిల్లలు ప్రతి గుంపులోనూ ఒకరిద్దరు ఉంటారు. మీ పాప వాళ్లలో ఒకరైతే కాగితం తోరణాలు చాలు.

నురగ చల్లే డబ్బాలు మాత్రం ఇంట్లోకే రానివ్వవద్దు. వాటిలో నురగను బయటికి తోసే వాయువు సాధారణంగా మండే రకం. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు ఒక పెద్దాయన సరదాకు చల్లితే భగ్గున మంట లేచి ఆయన కనుబొమలే కాలడం నా కళ్లతో చూశాను. ఆ ఇంటి పుట్టినరోజు పాప అప్పుడు రెండడుగుల దూరంలో ఉంది. నాటి నుంచి గుమ్మం దగ్గరే డబ్బాలు తీసుకుని పైన పెట్టేస్తున్నాను, ఎవరు ఏమనుకున్నా సరే. చిమ్మే కొవ్వొత్తులు కూడా నాకు ఇష్టం లేదు. ఆ రవ్వల వేడి మామూలు కొవ్వొత్తి వేడి కాదు.

చిన్న దీపాల్లో, పాట పాడే కార్డుల్లో ఉండే గుండీ బ్యాటరీలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలవు. మూతకు మర ఉందో లేదో చూసుకోండి, వదులుగా ఉన్నవి పక్కన పెట్టండి. వచ్చిన పెద్దల చేతిసంచుల్లో మాత్రలు ఉంటాయి, సంచులన్నీ పడకగదిలో ఎత్తుమీద పెట్టించండి. బాల్కనీ ఉంటే తాళం. బకెట్లలో, తొట్టెల్లో నీళ్లు ఉంచవద్దు. ఇవన్నీ ముందురోజు రాత్రి ఒకసారి మోకాళ్ల మీద హాలంతా తిరిగితే మీకే కనబడతాయి. నవ్వుతారేమో, నేను ఇప్పటికీ ప్రతి ఇంట్లోనూ అలా తిరిగి చూస్తాను.

పెద్దల పనులు పంచడం మరచిపోకండి. ఒకరు గుమ్మం దగ్గర, ఒకరు వంటగదిలో, ఒకరు ఆటలు ఆడించడానికి, ఒకరు స్నానాల గదికి తీసుకువెళ్లడానికీ ఏడ్చేవాళ్లను ఎత్తుకోవడానికీ. తలుపు తీసి ఉన్నంతసేపు గుమ్మం మనిషి కదలకూడదు. ఫొటోల పని మీరు పెట్టుకోవద్దు, వేరొకరికి ఇవ్వండి. ఇతర పిల్లల ఫొటోలు ఎక్కడైనా పెట్టేముందు వాళ్ల తల్లిదండ్రులను అడగాలని కూడా చెప్పండి.

ఇప్పుడు మీ పాప. పుట్టినరోజు పిల్లను ఉత్సవ విగ్రహం చేస్తాం మనం. గుచ్చుకునే బట్టలు వేస్తాం, అక్కడ నిలబడు, ఇటు చూడు, వాళ్లకు ముద్దు పెట్టు అంటాం. పైగా తన ఇంట్లో, తన బొమ్మలతో, తనకు తప్ప అందరికీ ఇష్టమొచ్చినట్టు ఆడుకునే హక్కు వస్తుంది. అయిదేళ్ల ప్రాణానికి అది చిన్న పరీక్ష కాదు. ముందురోజు కూర్చోబెట్టి 'ఏ బొమ్మలు అందరితో పంచుకుంటావు, ఏవి దాచేద్దాం' అని అడగండి. దాచమన్నవి నిజంగానే బీరువాలో పెట్టి తాళం వేయండి. ఒక్కటి దాచినా చాలు, మిగతావి ఇవ్వడానికి మనసొప్పుతుంది. వేడుక ఎలా జరుగుతుందో బొమ్మలతో ఆడి చూపించండి: వీళ్లు వస్తారు, కిరీటాలు చేస్తారు, ఆడతారు, అందరూ నీకోసం పాడతారు, తర్వాత వెళ్లిపోతారు. అందరూ ఒక్కసారిగా తనవైపు చూస్తూ పాడటం కొందరు పిల్లలకు భయం. పోయిన ఏడాది ఏడుపుకు అదీ ఒక కారణం కావచ్చు. అలా అయితే పాడేటప్పుడు మీ ఒడిలో కూర్చోబెట్టుకోండి, లేదా నెమ్మదిగా పాడమనండి.

పడకగదిని వేడుకకు వాడకండి. తలుపు వారగా వేసి, ఒక దిండు, రెండు పుస్తకాలు పెట్టి ఉంచండి. అలసిన పిల్ల ఎవరైనా అక్కడికి వెళ్లి కాసేపు ఉండి రావచ్చు. మీ పాప వెళితే వెళ్లనివ్వండి, 'అందరూ నీకోసం వచ్చారు' అని లాక్కురాకండి. పది నిమిషాలు విడిచిపెడితే తనంతట తనే వస్తుంది. లాక్కొచ్చిన పిల్ల మళ్లీ మామూలు కాగా నేను చూడలేదు.

బహుమతులు అందరి ముందూ విప్పాలా అని కొందరు అడుగుతుంటారు. ఈ వయసులో వద్దు. విప్పేవాళ్లకు ఆత్రం, చూసేవాళ్లకు అసూయ, 'ఇది నా దగ్గర ఉంది' అన్న మాట పైకి అనేస్తారు. సాయంత్రం తీరిగ్గా విప్పండి, ఎవరిచ్చారో రాసుకుని ఫోనులో చెప్పండి. వెళ్లేవాళ్లకు ఇచ్చే చిన్న సంచుల మీద ఎక్కువ ఆలోచన పెట్టవద్దు, అందరికీ ఒకేలాంటివి ఉంటే చాలు. అవి గుమ్మం దగ్గర చేతికిస్తే వెళ్లనని మారాం చేసేవాళ్లు కూడా కదులుతారు.

చివరి పావుగంట మళ్లీ కూర్చునే పని పెట్టండి, మొదట్లో కిరీటాలు చేసినట్టే. కథ చెప్పండి, లేదా పెద్ద కాగితం పరచి అందరి చేతా ఒక బొమ్మ వేయించండి. తీసుకువెళ్లేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వస్తారు కాబట్టి, మధ్యలో లేచి వెళ్లినా పాడవని పని అయి ఉండాలి.

ఆ రోజు పొద్దున్నే పాపకు ఒళ్లు వెచ్చగా ఉంటే మాత్రం మందు వేసి నెట్టుకురాకండి. వచ్చినవాళ్లందరి ఇళ్లకూ జ్వరం పంచినట్టవుతుంది. ఎనిమిది ఫోన్లు చేసి వచ్చే వారానికి మార్చండి. తేదీ మారిందని పెద్దలు నొచ్చుకుంటారేమో గానీ, అయిదేళ్ల పిల్లకు కొవ్వొత్తి వెలిగించిన రోజే పుట్టినరోజు.